దత్తత కాగితాల కోసం పరాయి దేశంలో ఆగినప్పుడు: పెద్దపిల్లతో ఆ వారాలు ఎలా గడపాలి

"పిల్లను అప్పగించారు. కోర్టు తేదీ ఇంకా ఖరారు కాలేదు. ఎన్నాళ్ళుండాలో ఎవరూ చెప్పరు. ఈలోగా మేమేం చేయాలి?" దత్తత కోసం వేరే దేశం వెళ్ళినవాళ్ళు నన్ను అడిగేది దాదాపు ఎప్పుడూ ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి, ఇక అంతా ఒకచోట రాసేస్తున్నాను.

ఇది అయిదేళ్ళు దాటిన పిల్లల గురించి. నెలల పసికందుతో ఆగడం వేరు, ఎనిమిదేళ్ళ పిల్లతో ఆగడం వేరు. పసికందుకు మీరు దేనికోసమో ఎదురుచూస్తున్నారన్న సంగతే తెలీదు. ఎనిమిదేళ్ళ పిల్లకు తెలుసు. అంతకుముందు ఎవరెవరి కోసం ఎదురుచూసిందో కూడా గుర్తుంటుంది. 'పిల్ల' అని రాస్తున్నాను గానీ, బాబైనా ఇదే.

మీరు ఏ మెట్టు మీద ఉన్నారు?

దేశాన్ని బట్టి వరుస మారుతుంది గానీ మెట్లు ఇంచుమించు ఇవే: పిల్లను కలవడం, కొన్నాళ్ళు కలిసి ఉండడం, కోర్టు లేదా అధికారి ముందు విచారణ, ఉత్తర్వు, అప్పీలు గడువు, కొత్త జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు, వైద్య పరీక్ష, వీసా, దేశం దాటే అనుమతి. రెండు దేశాలూ 1993 నాటి హేగ్ దత్తత ఒప్పందంలో (దేశాల మధ్య జరిగే దత్తతలకు నియమాలు పెట్టిన అంతర్జాతీయ ఒప్పందం) ఉంటే, పిల్లను మీకు అప్పగించే ముందే దత్తత ముందుకు సాగవచ్చని రెండు వైపుల కేంద్ర అధికార సంస్థలూ, అంటే దత్తతల పని చూసే ప్రభుత్వ సంస్థలు, ఒప్పుకుని ఉండాలి. అది ఆ ఒప్పందంలోని 17వ అధికరణం. ఆ అంగీకారం వచ్చిందా, ఏ తేదీన వచ్చింది అని మీ దత్తత ఏజెన్సీని విమానం ఎక్కకముందే అడిగి రాసుకోండి. ఆ తేదీతో తర్వాత పని పడుతుంది.

దగ్గర ఉండాల్సినవి

- అసలు కాగితాల ఫైలు ఒకటి, జిరాక్సుల ఫైలు ఒకటి. రెండూ ఒకే సంచిలో పెట్టకండి.
- అన్ని కాగితాల స్కాన్లు ఫోనులో, ఈమెయిల్‌లో.
- భార్యాభర్తల్లో ఒకరు ముందే వెనక్కి రావలసి వస్తే అవతలివారు సంతకం పెట్టేందుకు పవర్ ఆఫ్ అటార్నీ. ఆ దేశంలో చెల్లేలా ముందే చేయించుకోవాలి.
- తేదీ మార్చుకోగలిగే తిరుగు టికెట్.
- అనుకున్నదానికంటే కనీసం నెల రోజులు ఎక్కువ ఆగడానికి సరిపడా డబ్బు, సెలవు.
- జ్వరం, విరేచనాలు, పేలు, గజ్జి వీటికి మీ డాక్టర్ రాసిచ్చిన మందులు. సామూహికంగా పెరిగిన పిల్లల్లో చివరి రెండూ మామూలే, కంగారు పడకండి.
- కాగితాలు, రంగు పెన్సిళ్ళు, పేక ముక్కలు, ఒక బంతి. మాటలు అక్కర్లేని ఆటలే పనికొస్తాయి.

బొమ్మలతో నిండిన సూట్‌కేసు వద్దు. మొదటి రోజే ఇరవై బొమ్మలు ఇస్తే మిమ్మల్ని బొమ్మలిచ్చేవాళ్ళుగానే చూస్తుంది.

1. మూడు తేదీలు రాసుకోండి, ఒక్కటీ పిల్లకు చెప్పకండి

అన్నీ సజావుగా జరిగితే ఎప్పుడు, మామూలుగా అయితే ఎప్పుడు, బాగా ఆలస్యమైతే ఎప్పుడు అని మూడు తేదీలు వేసుకోండి. సెలవు, డబ్బు మూడో తేదీకి సరిపోవాలి. ఉత్తర్వు వచ్చాక అప్పీలు గడువు కొన్నిచోట్ల పది పదిహేను రోజులు, కొన్నిచోట్ల నెల. అది గడిచేదాకా ఉత్తర్వు చేతిలో ఉన్నా పాస్‌పోర్టు పని మొదలవదు.

ఇక్కడ అందరూ పిల్ల వీసా గురించే ఆలోచిస్తారు, సొంత వీసా సంగతి మరిచిపోతారు. మీ పర్యాటక వీసా మూడో తేదీకి ముందే అయిపోతుందేమో చూసుకోండి. మీ వేలిముద్రలకు, గృహ అధ్యయన నివేదికకు (మీ ఇంటినీ పరిస్థితుల్నీ చూసి సామాజిక కార్యకర్త రాసేది) కూడా గడువులుంటాయి. పిల్ల వయసు మీద కూడా గీతలుంటాయి. ఉదాహరణకు అమెరికాకు తీసుకెళ్ళేవాళ్ళు సాధారణంగా పదహారేళ్ళు నిండకముందే పిటిషన్ వేయాలి. పదిహేనేళ్ళు నిండిన పిల్ల విషయంలో రెండు నెలల జాప్యం అంటే ఆషామాషీ కాదు.

పిల్లకు తేదీ ఎందుకు చెప్పకూడదో నా తప్పు నుంచే చెబుతాను. ఒక ఆఫీసులో "శుక్రవారం ఇచ్చేస్తాం" అన్నారు. నేను ఉత్సాహంగా వచ్చి, "శుక్రవారం ఇంటికి వెళ్ళిపోతాం" అని చెప్పేశాను. శుక్రవారం పొద్దున ఆరింటికల్లా మా పిల్ల బూట్లు వేసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని తలుపు దగ్గర కూర్చుంది. కాగితం రాలేదు. ఏడవలేదు, అడగలేదు. సాయంత్రం తనే బూట్లు విప్పింది. ఆ తర్వాత నాలుగు రోజులు నేను "అన్నం తిని పార్కుకు వెళ్దాం" అన్నా నమ్మలేదు.

అందుకే ఒకే నియమం: మీ చేతిలో ఉన్నదే మాటివ్వండి. "తిన్నాక పార్కు" మీ చేతిలో ఉంది. "వచ్చే వారం విమానం" మీ చేతిలో లేదు. ఎప్పుడు వెళ్తాం అని అడిగితే, "కాగితాలు అయ్యాక. అప్పటిదాకా నేనిక్కడే నీతో ఉంటాను" అనండి. రోజుకు పదిసార్లు అడిగినా అదే జవాబు, అవే మాటల్లో.

2. వంటగది ఉన్న చిన్న ఇల్లు చూసుకోండి

హోటల్ గది మూడు రోజులకు బాగుంటుంది, మూడు వారాలకు కాదు. వంట, బట్టలు ఉతుక్కోవడం కుదిరే అపార్ట్‌మెంట్ అయితే పిల్లకు ఇల్లంటే ఎలా ఉంటుందో కనిపిస్తుంది. ఎప్పుడూ అనాథ పిల్లల హోమ్‌లోనే పెరిగిన పిల్ల పొయ్యి వెలగడం దగ్గరనుంచి చూసి ఉండకపోవచ్చు. కిటికీలు, బాల్కనీ, బయటి తలుపు గడియ మొదటి గంటలోనే చూసుకోండి. పడక మీ గదిలోనే, కానీ విడిగా. పదిమంది మధ్య పడుకునే అలవాటున్న పిల్లకు ఒంటరి గది బహుమతి కాదు, భయం.

3. అప్పగించే రోజు అడగాల్సినవి అడిగేయండి

ఆ రోజు అందరూ ఫొటోలు తీసుకుంటారు, కన్నీళ్ళు పెట్టుకుంటారు. ఆ హడావిడిలో ప్రశ్నలు మరిచిపోతారు. ముందే రాసుకెళ్ళండి: నిద్రపుచ్చేదెవరు? దేనికి భయం? కోపం వస్తే ఏం చేస్తుంది? ముద్దుపేరు ఏమిటి? ఏ మందులు వాడుతోంది? అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఎక్కడైనా ఉన్నారా? ప్రాణస్నేహితురాలు ఎవరు? మీ గురించి పిల్లకు ఏం చెప్పారు? ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. "వాళ్ళ దేశంలో రోజూ పండగే" అని చెప్పి పంపినవాళ్ళున్నారు.

తీసుకోవాల్సినవి: పాత ఫొటోలు ఎన్నుంటే అన్ని, బడి కాగితాలు, టీకాల పుస్తకం, ఆ రోజు వేసుకున్న బట్టలు. బట్టల్ని వెంటనే ఉతకకండి. ఆ వాసనే తనకు తెలిసిన ప్రపంచం. దిండు కింద పెట్టుకోనివ్వండి.

వీడ్కోలు దాటవేయకండి. "ఏడుస్తుంది, చప్పుడు చేయకుండా తీసుకెళ్ళిపోండి" అని మీ మంచికే చెబుతారు. వినకండి. చెప్పకుండా మాయమవడం అనేది ఆ పిల్ల జీవితంలో ఇప్పటికే జరిగి ఉంటుంది.

ఒక జాగ్రత్త. హేగ్ ఒప్పందం 29వ అధికరణం ప్రకారం, పిల్ల కన్నవాళ్ళతోగానీ సంరక్షకులతోగానీ దత్తత తీసుకునేవాళ్ళు మాట్లాడడం నిర్దేశించిన షరతులు పూర్తయ్యేదాకా సాధారణంగా కుదరదు. బంధువుల నంబరు ఎవరైనా చేతిలో పెడితే భద్రంగా దాచుకోండి, ఏజెన్సీని అడగకుండా ఫోన్ చేయకండి.

4. రోజును చిన్నగా, ఒకేలా ఉంచండి

సెలవు దొరికింది కదా, ఊరంతా చూపిద్దాం అనిపిస్తుంది. వద్దు. మొదటి రెండు వారాలు ఒకే పార్కు, ఒకే దుకాణం, ఒకే దారి. లేచే వేళ, తినే వేళ, పడుకునే వేళ మారకూడదు. గోడకు ఒక కాగితం అంటించి పొద్దున్నే ఆ రోజు జరిగేవి బొమ్మలుగా గీయండి: పళ్ళు తోముకోవడం, టిఫిన్, పార్కు, స్నానం, కథ, నిద్ర. అయిపోయినదాన్ని పిల్లే కొట్టేయాలి. "రేపు" గడి కూడా పెట్టవచ్చు, "ఎల్లుండి" వద్దు.

బంధువులతో వీడియో కాల్స్ రోజుకు ఒక్కటి, అదీ పది నిమిషాలు. అమ్మమ్మలకూ బాబాయిలకూ ఇది కష్టంగానే ఉంటుంది, మొహమాటపడకండి. ఇంకో సంగతి, తినిపించడం, స్నానం చేయించడం, దెబ్బకు కట్టు కట్టడం ఇవన్నీ మీరే చేయాలి. సాయానికి వచ్చినవాళ్ళు వంట చేయనీ, గిన్నెలు తోమనీ.

5. భాష: ముప్ఫై మాటలు చాలు, కానీ అవి నోటికి రావాలి

యాప్ ఉంది కదా అని ఊరుకోకండి. ఏడుస్తున్న పిల్ల ముందు ఫోన్ తీసి టైప్ చేయడం ఎంత చేతగానట్టుంటుందో ఒకసారి జరిగితే తెలుస్తుంది. ఆకలా, నొప్పా, ఎక్కడ, చలా, బాత్రూమ్, ఆగు, ప్రమాదం, నేనిక్కడే ఉన్నా, మళ్ళీ వస్తా, తప్పేం లేదు, నాకర్థం కాలేదు, ఇంకా కావాలా లాంటివి పిల్ల భాషలోనే నేర్చుకోండి. తప్పుగా పలికితే నవ్వుతుంది, నవ్వనివ్వండి. మీకు నేర్పే అవకాశం తనకు దొరకడం మంచిదే.

యాప్ వాడాల్సి వస్తే పొట్టి వాక్యాలే. అనువాదమయ్యాక దాన్నే మళ్ళీ మీ భాషలోకి తిప్పి చూడండి, అర్థం మారితే అక్కడే తెలిసిపోతుంది.

దుబాసీని ఆఫీసు పనులకు, వైద్యానికి, వారానికి ఒకసారి తీరిగ్గా మాట్లాడుకోవడానికి వాడుకోండి. రోజంతా పక్కనే ఉంచుకుంటే పిల్ల ఆవిడకే దగ్గరవుతుంది. అది ఆమె తప్పు కాదు, మాట తెలిసిన మనిషి ఆమే మరి.

6. మొదటి వారం బాగా గడిస్తే సంబరపడకండి

పెద్దపిల్లలు తొలిరోజుల్లో చాలా బుద్ధిగా ఉండొచ్చు. ఏది పెట్టినా తినడం, అడగకుండానే పక్క సర్దడం, కనిపించిన ప్రతివాళ్ళ ఒళ్ళో కూర్చోవడం. అది ప్రేమ అనుకుంటాం. చాలాసార్లు అది జాగ్రత్త. కాస్త నమ్మకం కుదిరాకే అసలు సంగతులు బయటపడతాయి.

*తిండి దాచడం:* దిండు కింద రొట్టె ముక్కలు దొరుకుతాయి. తిట్టకండి, తీసేయకండి. మూతున్న డబ్బా ఒకటి ఇచ్చి, "ఇది నీది, ఎప్పుడూ నిండే ఉంటుంది" అని చెప్పి, నిజంగా నింపుతూ ఉండండి.

*పరీక్షించడం:* ఉమ్మడం, వస్తువులు విసరడం, మీలో ఒకరితో మాట్లాడి ఇంకొకరిని అసలు పట్టించుకోకపోవడం. పక్కకు నెట్టినవాళ్ళకు మనసు కష్టపడుతుంది. పంతానికి పోకుండా దగ్గర్లోనే ఉండండి. చేయి చేసుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు, గదిలో పెట్టి తలుపు వేయడం కూడా.

*పారిపోవడం:* చిరునామా, మీ ఫోన్ నంబరు స్థానిక భాషలో రాసిన కార్డు రోజూ పిల్ల జేబులో ఉండాలి. పిల్ల ఈరోజు వేసుకున్న బట్టలతో పొద్దున్నే ఒక ఫొటో తీయండి. అవసరం రాకూడదు, వస్తే అదే ఆదుకుంటుంది.

*తోబుట్టువులు:* ఇద్దరిని తీసుకుంటే పెద్దది చిన్నదానికి అమ్మలా ఉంటుంది. ఒక్కరోజులో ఆ బాధ్యత లాక్కోకండి. "నువ్వు బాగా చూసుకున్నావు, ఈరోజు స్నానం నేను చేయిస్తా, నువ్వు పక్కనే ఉండు" అంటూ ఒక్కో పనీ తీసుకోండి.

మీ సంగతి కూడా. రెండో వారంలో ఏదో ఒక రాత్రి "తప్పు చేశామా?" అనిపించవచ్చు. ఈ మాట నాతో అన్నవాళ్ళు చాలామంది, గట్టిగా అన్నవాళ్ళు తక్కువ. నిద్ర లేకుండా, భాష రాక, డబ్బు టెన్షన్‌తో ఉన్నప్పుడు వచ్చే ఆలోచన అది. కానీ పిల్లకుగానీ మీకుగానీ ప్రమాదం అనిపించినా, వారం పాటు నిద్ర పట్టకపోయినా, పిల్ల మీద చేయి లేస్తుందేమో అనిపించినా, ఏజెన్సీ సామాజిక కార్యకర్తకు అదే రోజు చెప్పండి. చెబితే దత్తత ఆగిపోతుందేమోనని దాచేస్తారు. దాచిందే తర్వాత పెద్దదవుతుంది.

7. విచారణకు పిల్లను సిద్ధం చేయండి, నేర్పించకండి

పిల్ల వయసును, అవగాహనను బట్టి అభిప్రాయం తెలుసుకోవాలని హేగ్ ఒప్పందం 4వ అధికరణం చెబుతుంది. పిల్ల అంగీకారం అవసరమైన చోట అది డబ్బు ఆశ చూపి పొందినది కాకూడదు. కొన్ని దేశాల్లో పదేళ్ళు, కొన్నిచోట్ల పన్నెండేళ్ళు దాటితే రాతపూర్వక అంగీకారం ఉండాలి. "జడ్జి ముందు సరే అంటే సైకిల్ కొనిస్తా" అన్న మాట సరదాగా కూడా అనకండి.

చేయాల్సింది ఇంతే: ఆ గది ఎలా ఉంటుంది, ఎవరెవరుంటారు, ఏం అడగొచ్చు అన్నవి దుబాసీ ద్వారా చెప్పించండి. ఏ జవాబైనా చెప్పొచ్చని కూడా. ముందు రోజు రాత్రి "నాకు వెళ్ళాలని లేదు" అంటే బతిమాలకండి, బెదిరించకండి. దేనికి భయమో అడగండి. చాలాసార్లు జవాబు చిన్నదై ఉంటుంది: విమానం పడిపోతుందేమో, స్నేహితురాలు మరిచిపోతుందేమో. చిన్నది కాకపోతే, నిజంగానే వద్దంటుంటే, సామాజిక కార్యకర్తకు చెప్పాల్సిందే.

8. ముద్ర పడకముందే ప్రతి అక్షరం చదవండి

జాప్యాల్లో సగం మీ వల్ల కాదు. మిగతా సగం స్పెల్లింగ్ వల్ల. మా ఇంటిపేరులో ఒక్క అక్షరం తారుమారైంది. నేను చూశాను, కానీ అధికారి ముందు నోరు మెదపడానికి మొహమాటపడ్డాను. అదే అక్షరం పాస్‌పోర్టులోకి పాకింది, దాన్ని సరిచేయడానికి పదకొండు రోజులు పట్టింది.

ఇలా చేయండి. ముసాయిదా దశలోనే కాగితం అడగండి. ఒకరు మీ పాస్‌పోర్టు పట్టుకుని అక్షరం అక్షరం చదవాలి, ఇంకొకరు కొత్త కాగితంలో వేలు పెట్టి చూడాలి. పేర్లు, పుట్టిన తేదీ, నెల ముందా రోజు ముందా, పుట్టిన ఊరు, పాస్‌పోర్టు నంబర్లు. తర్వాత ఉత్తర్వు, జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు మూడూ పక్కపక్కన పెట్టి మళ్ళీ ఒకసారి.

హేగ్ దేశాల మధ్య అయితే 23వ అధికరణం కింద ఇచ్చే ధ్రువపత్రం ముఖ్యం. దత్తత ఒప్పందం ప్రకారమే జరిగిందని చెప్పే కాగితం అదే. దాని ఆధారంగా మిగతా సభ్య దేశాలు దత్తతను గుర్తిస్తాయి. 17వ అధికరణం కింది అంగీకారాలు ఎవరు, ఎప్పుడు ఇచ్చారో అందులో రాసి ఉండాలి. మొదట్లో రాసుకోమన్న తేదీ ఇక్కడ సరిపోల్చండి.

ధ్రువీకరించిన నకళ్ళు కనీసం నాలుగు తీసుకోండి. అపోస్టిల్ (ఒక దేశపు కాగితం ఇంకో దేశంలో చెల్లేందుకు వేసే ధ్రువీకరణ ముద్ర) రెండు దేశాలూ 1961 నాటి అపోస్టిల్ ఒప్పందంలో ఉంటేనే చెల్లుతుంది, లేకపోతే రాయబార కార్యాలయం ముద్రలు కావాలి.

ఎక్కడైనా "త్వరగా చేసిపెడతా" అని రసీదు లేని డబ్బు అడిగితే ఇవ్వకండి, ఏజెన్సీకి రాతపూర్వకంగా చెప్పండి. ఖర్చులు, సహేతుకమైన వృత్తిపరమైన ఫీజులు తప్ప మరేదీ తీసుకోకూడదని 32వ అధికరణం. అలా కొన్న వేగం రేపు మీ దత్తత మీదే అనుమానం తెస్తుంది.

9. వైద్య పరీక్ష చివరికి పెట్టుకోకండి

వీసాకు పరీక్ష చేసేది చాలా దేశాల విషయంలో ఎంబసీ గుర్తించిన డాక్టరే. వేరేచోట చేయిస్తే డబ్బు దండగ. అసలు చిక్కు క్షయ పరీక్షతో. చర్మ పరీక్ష ఫలితం 48 నుంచి 72 గంటల్లో చూడాలి, శుక్రవారం చేయిస్తే వారాంతంలో చూసేవాళ్ళెవరో ముందే అడగండి. క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా వల్ల చర్మ పరీక్ష పాజిటివ్‌గా రావొచ్చు, ఇగ్రా అనే రక్త పరీక్షకు ఆ ఇబ్బంది లేదు. ఎక్స్‌రేలో అనుమానం వస్తే కఫం కల్చర్‌కు, అంటే ల్యాబులో క్షయ క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకు, పంపుతారు. దాని తుది ఫలితానికి ఎనిమిది వారాల దాకా పట్టొచ్చు. కోర్టు పని మొదటి వారంలోనే ఈ పరీక్ష పెట్టుకోవచ్చా అని ఏజెన్సీని అడగండి. ఫలితానికీ గడువుంటుంది కాబట్టి మరీ ముందు కూడా కుదరదు.

10. బయల్దేరే ముందు

వీసా చేతికొచ్చాకే పిల్లకు తేదీ చెప్పండి. అప్పుడు చెప్పవచ్చు, ఇప్పుడది మీ చేతిలో ఉంది. తను కోరితే, హోమ్ వాళ్ళు సరేనంటే, స్నేహితుల్ని ఒకసారి చూసి రండి. "మళ్ళీ వస్తాం" అనడం మీరు నిజంగా వస్తేనే.

చేతిసంచిలో ఉండాల్సినవి: పాస్‌పోర్టులు, వీసా, ఉత్తర్వు, జనన ధ్రువపత్రం, 23వ అధికరణం ధ్రువపత్రం, దేశం దాటే అనుమతి. ఎంబసీ సీలు వేసిన కవరు ఇస్తే తెరవకండి, అది దిగినచోట అధికారే తెరవాలి. ఇవేవీ చెక్-ఇన్ సామానులో వేయకూడదు.

విమానాశ్రయంలో అధికారి పిల్లనే నేరుగా అడగొచ్చు, "వీళ్ళెవరు? ఎక్కడికి వెళ్తున్నావు?" అని. అది మీ మీద అనుమానం కాదు, పిల్లల రక్షణ కోసం ఆయన చేయాల్సిన పని. కోపం తెచ్చుకోకండి. ఈ ప్రశ్న వస్తుందని మాత్రం పిల్లకు ముందు రోజే చెప్పి ఉంచండి. మేం చెప్పలేదు. మా పిల్ల అధికారిని తేరిపార చూసి, మమ్మల్నీ చూసి, "పార్కుకి" అంది.